మింగుడుపడని టీ

దక్షిణామూర్తి అంటే నోరు విప్పకుండా, మౌనంతోనే శిష్యుల సందేహాలు తీర్చే దేవుడు. మన దక్షిణామూర్తి మాస్టారికి ఆ పేరు పెట్టినవాళ్లు బారసాలనాడు కాస్త ఓపికపట్టి పిల్లవాడి ఏడుపు విని ఉంటే ఇంకో పేరు వెతుక్కునేవాళ్లు. నారాయణగూడలో ఆయన పనిచేసే హైస్కూల్లో పదో తరగతికి ఇంగ్లీషు పాఠం ఎత్తుకున్నాడంటే, చెక్క అడ్డానికి అవతల తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారు నల్లబల్ల మీద సున్నా చుట్టబోయి సగంలో చెయ్యి ఆపేసేవాడు. ఆ సగం సున్నా ఇంగ్లీషు 'సీ' అయి కూర్చునేది. లెక్కల్లోకి కూడా ఇంగ్లీషు చొరబడిందని పిల్లలు నవ్వుకునేవాళ్లు.

గొంతు ఒక్కటే కాదు, పద్ధతి కూడా ఆయనది ఆయనదే. అక్షరాన్ని రాసి పలక్కపోవడమంటే మనిషిని బంతిలో కూర్చోబెట్టి వడ్డించకపోవడమేనని ఆయన సిద్ధాంతం. ఇంగ్లీషువాడు 'నైఫ్' ముందు 'కే'నీ, 'లిసన్' నడుమ 'టీ'నీ, 'ఐలండ్'లో 'ఎస్'నీ పస్తు పడుకోబెడతాడు. మాస్టారి బంతిలో అలాంటి పక్షపాతం లేదు. క్నైఫ్. లిస్టెన్. ఇస్ల్యాండ్. బుధవారాన్ని వెడ్-నెస్-డే అని మూడు ముక్కలు చేసి అందరికీ పంచేవాడు. ఫలితం కూడా అలాగే ఉండేది. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లలో పెళ్లి తప్పిపోయినవాళ్లు ఉన్నారేమో గాని, స్పెల్లి తప్పిపోయినవాళ్లు లేరు.

తెనాలి నుంచి వచ్చి పన్నెండేళ్లయింది. చిక్కడపల్లిలో ఇల్లు చిక్కడమే గగనమైన రోజుల్లో ఆయనకి రెండు గదుల వాటా చిక్కింది. ముందుగదికీ వంటింటికీ నడుమ సన్నటి నడవ. ఇంటాయన దాన్ని ప్యాసేజీ అనేవాడు. పొద్దున్న ఆరున్నరకి ఆ ప్యాసేజీలో పదో తరగతి పిల్లలు పదిమంది చాప మీద వరసగా కూర్చుంటే, మాస్టారు వంటింటి గడప పక్కన పీట వేసుకుని ఇంగ్లీషు పుస్తకంలోంచి ఒక ప్యాసేజీ చదివేవాడు. రెండుసార్లు. పిల్లలు పుస్తకాలు మూసి వినాలి, విన్నాక అడిగిన ఐదు ప్రశ్నలకీ జవాబులు రాయాలి; దాన్నే కాంప్రహెన్షన్ అంటారు. పిల్లల దగ్గర కానీ పుచ్చుకునేవాడు కాదు. కానీ, "మాస్టారు చదివితే కథ కళ్లకి కడుతుందండీ" అన్న మాట మాత్రం వాళ్ల తల్లిదండ్రుల నోట వారానికొకసారైనా పుచ్చుకోవలసిందే. "అందరికీ పెన్షను ముసలితనంలో వస్తుందోయ్. నా కాంప్రపెన్షను నాకు రోజూ పొద్దున్నే వస్తుంది" అనేవాడు.

ఆ సోమవారం చాప మీద ఆరుగురే ఉన్నారు.

"మిగతా నలుగురికీ ఒకే జ్వరమా, తలా ఒక జ్వరమా?" అన్నాడు మాస్టారు పుస్తకం తెరుస్తూ.

"జ్వరం కాద్సార్," అంది చివర కూర్చున్న పిల్ల, తన మోకాళ్లకేసి చూసుకుంటూ. "అశోక్ నగర్ పోయిన్రు. అరుంధతి మేడం ఇంటికి."

మాస్టారు పేజీ తిప్పాడు. తిప్పిన పేజీని మళ్లీ వెనక్కి తిప్పాడు. అంతలో వీధి గుమ్మంలో చెప్పుల చప్పుడై విద్యావతి తొంగిచూసింది. ఆ నలుగురిలో ఒకతి. మాస్టారు చదువుతుంటే ఆఖరి వాక్యం రాకముందే తల ఊపేసే పిల్ల అది. ఇవాళ చెప్పులు విప్పలేదు.

"నా నోట్సు ఈడనే మరిచిపోయిన సార్."

"నోట్సొక్కటేనా, నన్ను కూడానా?"

విద్యావతి చెయ్యి గుమ్మాన్ని గట్టిగా పట్టుకుంది. "గట్ల కాద్సార్. కొత్త పరీక్షల చదివేది అరుంధతి మేడమంట. హెడ్మాస్టర్ సార్ మా నాన్నకు చెప్పిండు. ఎవరు చదువుతరో ఆళ్ల గొంతు అలవాటు చేసుకొమ్మన్నడు మా నాన్న." కాస్త ధైర్యం తెచ్చుకుని, "మేడం అచ్చం రేడియో లెక్క చదువుతది సార్," అని కూడా అంది.

"రేడియోలో గరగర కూడా ఉంటుందమ్మా."

"మేడందాంట్ల ఉండది సార్."

నోట్సు తీసుకుని పిల్ల వెళ్లిపోయింది. మాస్టారు చదవడం మొదలుపెట్టాడు. వంటింట్లోంచి భార్య అనసూయ తల బయటికి పెట్టి, "ఏవండీ, ఆరుగురికే కదా చదువుతున్నారు? అశోక్ నగర్ దాకా వినపడాలా? పాలు విరిగేట్టున్నాయి" అంది.

వినపడాలనే ఉంది ఆయనకి. ఇంట్లో అనసూయ ఉండగానే ఆయన ఒంట్లో అసూయ కాపురం పెట్టింది. ఆ రెండు మాటలకీ తేడా నడుమ ఉన్న ఒక్క 'న'. ఆ పూట ఆ 'న' సైలెంటైపోయింది.

ఆ ఏడాది అరవై తొమ్మిది. బడులు తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. ఊరేగింపులు, బందులు, సెలవులు. సెలవులు అయ్యాక మళ్లీ బందులు. ముల్కీ అన్న మాట వినపడితే కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్థుడు ఉలిక్కిపడే కాలం. ఈ గడ్డ మీద పదిహేనేళ్లు ఉన్నవాడు ముల్కీ. మాస్టారికి ఇంకా మూడు తక్కువ. ఆ గొడవల్లో కూడా స్కూల్లో ఎవరూ ఆయన్ని ఒక్క మాట అన్లేదు. హెడ్మాస్టరు జగదీశ్వర్ గారైతే "మీరు పరేషాన్ కాకుండ్రి సార్, మీరు మా మనిషే" అని భుజం తట్టాడు కూడా. తట్టిన ఆ చెయ్యే ఇప్పుడు తన పదో తరగతిని పట్టుకుపోతోందని మాస్టారి అనుమానం.

స్టాఫ్ రూములో ఆ అనుమానం తీరింది. డిసెంబరు చలికి మఫ్లరు చుట్టుకుని జగదీశ్వర్ గారు నిలబడే చెప్పాడు.

"బుధవారం పదో తరగతికి కొత్తతీరు ఇంగ్లీష్ పరీక్ష పెడుతున్నం. టీచర్ పాఠం రెండుసార్లు చదువుతది. పిల్లలు విని రాస్తరు, పది మార్కులు. గురువారం ఇంకో పాఠం ఆళ్లే చదువుకొని రాస్తరు, పది మార్కులు. ఈసారి చదువుడు అరుంధతి చదువుతది. దక్షిణామూర్తి సార్ వెనుక కూసొని జర చూసుకుంటరు. పిల్లలు మంచిగ రాసిన్రంటే మార్చి దాంక టెన్త్ ఇంగ్లీష్ అరుంధతికే. సార్ కు నైన్త్."

"తొమ్మిదో తరగతి నాకు కొత్తేం కాదులెండి," అన్నాడు మాస్టారు. "నా గొంతు పన్నెండేళ్లుగా అక్కడికి వెళ్లొస్తూనే ఉంది."

అందరూ నవ్వారు. నవ్వనివాళ్లు ఇద్దరు. ఒకరు మాస్టారు. రెండోది అరుంధతి.

పాతికేళ్లుంటాయేమో ఆ అమ్మాయికి. బడులు తెరిచాక చేరింది. యూనివర్సిటీ వైపు ఎక్కడో ఇంగ్లీషు పంతుళ్లకి ఇచ్చే శిక్షణ తీసుకుని వచ్చింది. ఎవరేం చెప్పినా తల కాస్త పక్కకి వంచి, బావిలో చేద పడిన చప్పుడు కోసం ఆగినట్టు ఆగి వింటుంది. మాస్టారికి ఆ వంపు చూస్తే ఒళ్లు మండేది. వినడంలో కూడా వగలేమిటని.

"సార్, అడ్డం ఇవుతల నైన్త్ ల ఉంటే మీ పాఠమంత నాకు వినిపిస్తది," అంది అరుంధతి. "ఒక్కోసారి నా పాఠం ఆపి వింట."

"ఆపుకోవలసినంత గట్టిగా ఉందన్నమాట!" అన్నాడు మాస్టారు.

అప్పుడే స్కూలు ఆయా ఆశమ్మ పళ్లెంలో గ్లాసులు పెట్టుకుని వచ్చింది. "సార్, చాయ్."

"చాయ్ కాదు ఆశమ్మా, టీ. ఇంగ్లీషు మాస్టారి దగ్గర ఇంగ్లీషులో అడగాలి."

"ఏదన్న గాని, మింగేదే గద సార్," అంది ఆశమ్మ.

మంగళవారం సాయంత్రం బడి వదిలాక మాస్టారు ఇంటికి వెళ్లే దారి తప్పాడు. పన్నెండేళ్లు నడిచిన దారి తప్పాలంటే చాలా శ్రద్ధగా తప్పాలి. చిక్కడపల్లిలో ఆగవలసిన కాళ్లు అశోక్ నగర్ సందుల్లోకి తిరిగాయి. పేరుకి అశోక నగరం, శోకం లేని ఊరు. శోకమంతా మాస్టారే వెంట తెచ్చుకున్నాడు.

అరుంధతి వాళ్ల ఇంటి ప్రహరీ పక్కన ఈదమ్మ అనే ముసలిది తోపుడుబండి మీద జామకాయలు అమ్ముతోంది. మాస్టారు ఒక కాయ చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. గోడ అవతల వరండాలోంచి చదువు వినపడుతోంది. నెమ్మదైన గొంతు. నీళ్లు పోసినట్టు సాగుతోంది. ఎక్కడా ఆగదు, ఎక్కడా బరువు పెట్టదు. మాటకీ మాటకీ మధ్య సందు లేదు. మాస్టారు చెవి రిక్కించాడు. ఒక మాట అందింది. తర్వాతి రెండూ జారిపోయాయి. నాలుగోది పట్టుకునేసరికి ఏడోది వెళ్లిపోతోంది. రిక్షా గంటల గోల అనుకున్నాడు. అప్పుడు సందులో రిక్షా లేదు.

"ఎంతసేపు పిసుకుతవ్ అయ్యా, పండు ఖరాబైతది," అంది ఈదమ్మ.

"ఉండవమ్మా, చూస్తున్నాను."

"పండును జూస్తున్నవా, గోడను జూస్తున్నవా?"

చదువు ఆగింది. విద్యావతి గొంతు ఆయనకి స్పష్టంగా తెలిసింది. "మేడం, మీరు లిసన్ అంటరు. మా సార్ లిస్టెన్ అంటడు గద. ఏది కరెక్టు?"

మాస్టారి చేతిలో జామకాయ బిగుసుకుంది. అరుంధతి జవాబు చెప్పడం మొదలుపెట్టింది, సరిగ్గా అప్పుడే ఈదమ్మ "తియ్యటి జామకాయా!" అని ఆకాశం అదిరేట్టు అరిచింది. ఆ గొంతుతో పోలిస్తే మాస్టారిది సైలెంటు అక్షరమే. అరుపు ఆగేసరికి వరండాలో పిల్లలంతా నవ్వుతున్నారు.

అంతే. ఆ అమ్మాయి ఏమందో ఆయన వినలేదు. వినని మాటంత స్పష్టంగా మనిషికి ఇంకేదీ వినపడదు. చిక్కడపల్లి చేరేలోపల ఆ ఒక్క జవాబూ ఇరవై రకాలుగా వినపడింది, ఇరవైసార్లూ చివర పిల్లలు నవ్వారు.

బుధవారం, అంటే వెడ్-నెస్-డే, రెండో పీరియడు. పదో తరగతిలో నలభై రెండుమంది. వెనక బెంచీలో మాస్టారు. ప్రశ్నల కాగితం ఆయనకి కూడా ఒకటి ఇచ్చారు. ఆ అమ్మాయి ఎక్కడ తడబడుతుందో రాసి పెట్టుకుందామని జేబులోంచి తెల్లకాగితం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ప్రశ్నలు చూశాడు. జాలరి ఎక్కడ ఉండేవాడు? పడవని ఎలా కట్టాడు? ఆరోజు సముద్రం ఎలా ఉంది? వల దేనితో కోశాడు? సాయంత్రం ఏం చేసేవాడు? "పసిపిల్లల ప్రశ్నలు" అనుకున్నాడు.

అరుంధతి చదివింది.

నిన్న గోడ అవతల పారిన నీళ్లే ఇవాళ గదిలోకి వచ్చాయి. జాలరి నిజాయితీపరుడన్న సంగతి దాటిపోయాక గాని మాస్టారికి అర్థం కాలేదు. వాడు ఎక్కడో 'ఐ ల్యాండ్' అన్న చోట ఉన్నాడు. నేను, భూమి. సొంత పొలమేమో. పడవని 'నాట్'తో కట్టాడట. నాట్ అంటే కాదు. అంటే కట్టలేదా? ఆలోచిస్తుండగానే సముద్రం వచ్చేసింది. సముద్రం 'కామ్'గా ఉందట. కామా? కామా అయితే వాక్యం ఇంకా ఉండాలే? ఫుల్ స్టాపు పడిపోయింది.

తెలియక కాదు. ఐలండ్ అంటారని ఇంగ్లీషు పుస్తకంలో ఆయన చదివాడు. చదివినది వేరు, చెవిన పడ్డది వేరు. ముప్పై ఏళ్లుగా ఇంగ్లీషు చదివాడు, చెప్పాడు, దిద్దాడు. తన నోటినుంచి కాకుండా ఇంకో నోటినుంచి పది నిమిషాలు వరసగా విన్నది ఎప్పుడో ఆయనకి జ్ఞాపకం రాలేదు.

చెయ్యి ఊరుకోక, ఆయన చూసుకోకుండానే, తెల్లకాగితం మీద ఐదు జవాబులూ రాసేసింది. తల ఎత్తి చూస్తే గది గదంతా పెన్నులు నోట్లో పెట్టుకుని కూర్చుంది. రెండు రోజుల్లో ఎవరికీ కొత్త చెవులు మొలవలేదు. విద్యావతి కూడా తల ఊపడం లేదు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

మాస్టారికి ఆ క్షణంలో కలిగినది సంతోషమని ఒప్పుకోక తప్పదు. మునిగిపోతున్న పడవలో తానూ ఉన్నానన్న సంగతి కూడా మరిచిపోయి సంతోషించాడు.

అరుంధతి కాగితం మీదనుంచి కళ్లెత్తి పిల్లల్ని చూసింది. తల పక్కకి వంచింది. గొంతు సవరించుకుని రెండోసారి మొదలుపెట్టింది.

"యాన్ హానెస్ట్ ఫిషర్మ్యాన్... లివ్డ్... ఆన్ యే స్మాల్... ఇస్ల్యాండ్."

మాస్టారి వెన్ను నిటారుగా అయింది.

అది ఆయన గొంతు. ఆడగొంతులో ఆయన గొంతు. ఆగవలసిన చోట ఆగుతోంది, అక్షరం అక్షరానికీ వడ్డిస్తోంది. ముందు బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. 'క్నాట్' అంది. 'క్నైఫ్' అంది. "ది సీ వాజ్ కాల్మ్" అని, ఎల్ అక్షరాన్ని నాలుకతో అంగిలికి మేకు కొట్టినట్టు కొట్టింది. ఆఖరికి, సాయంత్రాలు ఆ జాలరి కెరటాలని 'లిస్టెన్' చేసేవాడంది.

వెక్కిరింత! నలభై రెండుమంది పిల్లల ముందు, తను చూస్తుండగా! మాస్టారి చెవులు కాలిపోయాయి. కిసుక్కులు ఎప్పుడు ఆగాయో, గది నిండా పాళీల బరబర ఎప్పుడు మొదలైందో ఆయన గమనించలేదు. తన చేతిలో పెన్ను కూడా కదిలిందని గమనించలేదు. గంట కొట్టగానే తెల్లకాగితం మడిచి జేబులో కుక్కుకుని సరాసరి హెడ్మాస్టరు గదికి నడిచాడు.

"ట్రైనింగయిన మనిషి ఇస్ల్యాండ్ అంటుందాండీ?" అన్నాడు గుమ్మంలోనే.

జగదీశ్వర్ గారి కళ్లజోడు కిందికి జారింది. "ఎవరన్నరు?"

"అరుంధతిగారు. రెండోసారి చదివినప్పుడు. ఇస్ల్యాండ్, క్నైఫ్, కాల్మ్. ఒకటి కాదు, అన్నీ."

ఇందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అవి ఎవరి ఉచ్చారణలో చెప్పలేదంతే. నిజంలో కూడా కొన్ని అక్షరాలు సైలెంటుగా ఉంచవచ్చునని మాస్టారికి మొదటిసారి తెలిసింది.

అరుంధతిని పిలిపించారు. చేతికి సుద్ద అంటుకుని ఉంది, కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది.

"ఇస్ల్యాండ్ అన్నవా అమ్మా?"

"అన్న సార్."

"రెండుసార్లు ఒక్కతీరుగ చదవాలెనని నేనే చెప్తి గద. ఎందుకన్నవ్?"

అరుంధతి ఒక్కసారి మాస్టారి వైపు చూసింది. ఆయన గోడ మీది కాలెండరు చూస్తున్నాడు. చెప్పడానికి ఆ అమ్మాయి దగ్గర ఒక్క వాక్యం ఉంది. అది చెబితే ఆ గదిలో ఇంకొకరు తల దించుకోవాలి.

"నోటికి గట్ల వచ్చింది సార్," అంది.

"నోటికొస్తే ఎట్ల? పిల్లల పరీక్ష ఇది. ఇగ టెన్త్ వద్దులే నీకు. సార్ చూసుకుంటరు."

"మంచిది సార్," అని అరుంధతి వెళ్లిపోయింది. జగదీశ్వర్ గారు తన ముందున్న గ్లాసు మాస్టారి వైపు జరిపాడు. "తీసుకోండ్రి సార్. టెన్త్ మీదే."

మాస్టారు తాగాడు. చక్కెర బాగానే వేశారు. ఎందుకో రుచి తెలియలేదు.

మధ్యాహ్నం స్టాఫ్ రూము ఖాళీగా ఉంది. నలభై రెండు కాగితాలు ముందు పెట్టుకుని, ఎర్రసిరా పెన్ను తెరిచి, మాస్టారు దిద్దడం మొదలుపెట్టాడు. పైన ఉన్నది విద్యావతిదే. జాలరి ఎక్కడ ఉండేవాడు? 'సొంత భూమిలో' అని రాసి కొట్టేసి ఉంది. పక్కన 'ద్వీపంలో' అని సరైన జవాబు. స్పెల్లింగులో 'ఎస్' భేషుగ్గా కూర్చుని ఉంది. సముద్రం ఎలా ఉంది? 'సముద్రం పనిలో ఉంది' అని రాసి కొట్టేసి ఉంది. పక్కన 'ప్రశాంతంగా'.

పనిలో ఉండడమేమిటి? మాస్టారు ఒక్క నిమిషం తికమకపడ్డాడు. తర్వాత వెలిగింది. కామ్! ఉర్దూలో కామ్ అంటే పని. ఇంగ్లీషు చెవికి అందనప్పుడు పిల్ల చెవి ఊళ్లో మాటని తెచ్చి పెట్టుకుంది. నవ్వొచ్చింది. రెండో కాగితం తీశాడు. అందులోనూ సముద్రం పనిలోనే ఉంది, కొట్టివేత, పక్కన ప్రశాంతం. మూడోదీ అంతే. ఏడో కాగితానికి నవ్వు పోయింది. ప్రతి కాగితంలోనూ మొదటిసారి మునిగినవాడు రెండోసారి తేలాడు. కొట్టివేతలన్నీ ఒకే చోట, సరైన జవాబులన్నీ ఒకే పక్కన.

మాస్టారు జేబులోంచి తన తెల్లకాగితం తీసి, మడత విప్పి, విద్యావతి కాగితం పక్కన పెట్టాడు.

సొంత భూమిలో. కొట్టివేత. ద్వీపంలో.

కట్టలేదు. కొట్టివేత. ముడి వేసి.

సముద్రం పనిలో ఉంది. కొట్టివేత. ప్రశాంతంగా.

ఆ మూడో జవాబు మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. పన్నెండేళ్లలో మనిషి ముల్కీ కాలేదు గాని, చెవి ఎప్పుడో ముల్కీ అయిపోయింది.

బయట వరండాలో విద్యావతి తచ్చాడుతోంది, మార్కులు తెలుస్తాయేమోనని. మాస్టారు పిలిచాడు.

"నిన్న మేడం ఇంట్లో నా లిస్టెన్ గురించి అడిగావు. ఆవిడేమంది?"

పిల్ల బిత్తరపోయింది. "మీకెట్ల తెలుసు సార్?"

"జామకాయలు కొనడానికి వెళ్లాన్లే. ఏమంది, చెప్పు. నవ్వారు కూడాను మీరంతా."

"నవ్వింది గా జామకాయలామె కేకకు సార్!" అంది విద్యావతి. "మేడం ఏమన్నదంటే, సార్ చెప్పింది మరిచిపోకుండ్రి, సార్ గట్ల పలుకవట్టే మీకు స్పెల్లింగ్ తప్పుతలేదు, అన్నది. దేవుడు రెండు చెవులిచ్చిండు గద, ఒకటి సార్ కు, ఒకటి నాకు ఇయ్యుండ్రి, అన్నది. గని సార్, ఇయ్యాల ఇంకో చెవి ఇంక తయారు కాలే. మొదటిసారి ఏం సమజ్ కాలే. ఫెయిలయిత అనుకున్న. మేడం అర్థం చేసుకొని మీ లెక్క చదివింది. మీరే చదివినట్టుండె సార్."

"ఊఁ. వెళ్లు."

ఆ పిల్ల వెళ్లాక మాస్టారు ఎర్రసిరాతో తన కాగితం దిద్దుకున్నాడు. మొదటిసారి జవాబులకి ఒక అంకె, రెండోసారి జవాబులకి ఒక అంకె. దాన్ని తీసుకెళ్లి జగదీశ్వర్ గారి బల్ల మీద పెట్టాడు.

"ఇదొక్కటీ కాస్త చూడండి."

జగదీశ్వర్ గారు చూశాడు. "మొదలు నాలుగు మార్కులు. తర్వాత పది. మొదటిసారి చదివింది ముక్క సమజ్ కాలే వీనికి. పేరు రాయలేదేంది?"

"పేరు సైలెంటండీ."

"ఏ సెక్షన్ పిల్లగాడు? గింత వీక్ గ ఉన్నడు. ఎవరు నేర్పిండ్రు వీనికి?"

"వాళ్ల మాస్టారే."

"ఆ మాస్టరెవరు?"

"వాడేనండీ."

జగదీశ్వర్ గారు కాగితం వెలుగుకి ఎత్తి చూశాడు. పన్నెండేళ్లుగా హాజరుపట్టీలో చూస్తున్న చేతిరాత. మఫ్లరు విప్పి బల్ల మీద పెట్టాడు.

"ఆ అమ్మాయి నోటికి ఊరికే రాలేదండీ," అన్నాడు మాస్టారు. ఆయన గొంతు అంత చిన్నదిగా ఉండగలదని ఆ గది గోడలకి కూడా తెలియదు. "నా పిల్లలకి నా చెవులే ఉన్నాయి. ఆ సంగతి కనిపెట్టి ఆ చెవులకి అందేట్టు చదివింది. నేను దాన్ని వెక్కిరింత అనుకున్నాను. అనుకుని మీ దగ్గరికొచ్చాను. మీరడిగితే ఆవిడ నా పేరు చెప్పలేదు. ఆ అక్షరం మింగేసింది."

"మరి టెన్త్?"

"ఆవిడకే ఇవ్వండి."

"మీరు?"

"తొమ్మిది. చెక్క అడ్డం ఇవతల." గుమ్మం దాటబోతూ అన్నాడు, "వీలైతే ఆపి వింటాను."

సోమవారం రెండో పీరియడు. తొమ్మిదో తరగతిలో మాస్టారు నల్లబల్ల మీద వాక్యం రాస్తున్నాడు. అడ్డానికి అవతల, పన్నెండేళ్లు తను నిలబడ్డ చోట నిలబడి, అరుంధతి చదవడం మొదలుపెట్టింది. విద్యావతి తల ఊపుతూ ఉంటుంది. ఆ తల్లో ఒక చెవి తనది. రెండోది కాదు. అసూయ మళ్లీ చురుక్కుమంది. ఆ మంట ఒక్క రోజులో ఆరేది కాదని ఆయనకి తెలుసు.

సుద్దముక్క పట్టుకున్న చెయ్యి మాట సగంలో ఆగింది.

"ఏంది సార్?" అన్నారు పిల్లలు.

మాస్టారు అడ్డం వైపు వేలు చూపించాడు. "లిస్..." అన్నాడు. ముప్పై ఏళ్ల అలవాటు, 'టీ' నాలుక చివరికి వచ్చి నిలబడింది. తల కాస్త పక్కకి వంచాడు. గుటక వేశాడు.

"...సన్," అన్నాడు.

గది నిశ్శబ్దమైంది. అవతలి గొంతు చెక్క సందుల్లోంచి ఇవతలికి వచ్చింది. దక్షిణామూర్తి మాస్టారు నోరు మూసుకుని పాఠం చెబుతున్నాడు. ఒక మాట అందింది. రెండోదీ అందింది. మూడోది జారిపోయింది. నాలుగోది పట్టుకున్నాడు.

ఆశమ్మ పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇంత చప్పుడు లేకుండా ఉన్న మాస్టార్ని చూసి ఒళ్లు బాగాలేదనుకుందేమో, మెల్లగా అడిగింది.

"సార్, మీ టీ."

"ఇప్పుడే మింగానమ్మా," అన్నాడు మాస్టారు గుసగుసగా. "గొంతు ఇంకా కాలుతూనే ఉంది."